నూరేళ్లు దాటిన మాత్ర, ఇంకా చేరని పల్లె



మూర్ఛ వ్యాధి గురించి మన అనంతపురం ప్రాంతంలో ఎక్కడ అవగాహన సభ జరిగినా, వేదికనెక్కిన వైద్యుడు మొదట పలికే మాట ఒకటే: ప్రజల్లో మూఢనమ్మకాలు పోవాలి. తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టవద్దు, ఉల్లిపాయ వాసన చూపించవద్దు, వాతలు పెట్టవద్దు, భూతవైద్యుణ్ణి ఆశ్రయించవద్దు. ఈ నాలుగూ చెప్పి, శాలువా కప్పించుకొని ఆయన దిగిపోతాడు. ఆ మాటల్లో తప్పేమీ లేదు. కాని ఉపన్యాసాన్ని వాటితోనే ముగించడంలో ఒక అన్యాయం దాగి ఉంది. చికిత్స అందని రోగినే దోషిగా నిలబెట్టి, అందించవలసినవారంతా చేతులు కడుక్కోవడానికి అది చక్కని మార్గం.

నేను చెప్పదలచినది సూటిగా ముందే చెబుతాను. మన పల్లెల్లో మూర్ఛ రోగికి చికిత్స నిలకడగా సాగకపోవడానికి ప్రధాన కారణం అతని అజ్ఞానమని నేను ఒప్పుకోను. మందు నెల తప్పకుండా అతని చేతికి అందేలా చూడవలసిన వ్యవస్థ ఆ పని చేయకపోవడమే ప్రధాన కారణం. ఆ వ్యవస్థలో ప్రభుత్వం ఉంది, మా వైద్య వృత్తి కూడా ఉంది. ఈ మాట కొందరు సహోద్యోగులకు రుచించకపోవచ్చు. రుచి కోసం మందు ఇవ్వకూడదని మాకు చదువుకున్న రోజుల్లోనే నేర్పారు.

వ్యాధి ఏమిటి, ఎందరికి ఉంది

మెదడులోని నరకణాలు సూక్ష్మమైన విద్యుత్ సంకేతాలతో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఆ సంకేతాలు ఒక్కసారిగా అదుపు తప్పి గుంపుగా వెలువడినప్పుడు మూర్ఛ వస్తుంది. జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మనిషి మెదడులోని విద్యుత్తును తొలిసారి కాగితం మీద నమోదు చేశాడు. నాటి నుంచి ఇది గ్రహపీడ అని గాని, పూర్వజన్మ పాపమని గాని అనుకోవడానికి చదువుకున్నవారికి ఆస్కారం లేదు. మన పెద్దలు అపస్మారమన్నా, పల్లెల్లో కాకిసోమాల అన్నా, ఇప్పుడు అందరూ ఫిట్స్ అంటున్నా అది మెదడుకు వచ్చే వ్యాధి. అంటువ్యాధి కాదు. పిచ్చి అంతకన్నా కాదు.

భారతదేశంలో జరిగిన సర్వేలన్నిటినీ కలిపి లెక్కగట్టి శ్రీధరన్, మూర్తి అనే పరిశోధకులు 1999లో ప్రచురించిన అంచనా ప్రకారం వెయ్యి మందిలో 5.59 మందికి మూర్ఛ వ్యాధి ఉంది. ఇప్పుడు అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడిపోయిన పాత అనంతపురం జిల్లా జనాభా 2011 లెక్కల్లో 40 లక్షల 81 వేలు. రెండు సంఖ్యలనూ గుణించండి. 22 వేల పైచిలుకు మంది అవుతారు. ఇది గుణకారంతో వచ్చిన అంచనాయే గాని ఇల్లిల్లూ తిరిగి లెక్కపెట్టినది కాదు. అయినా ఇందులో సగమని అనుకున్నా, అది చిన్న సంఖ్య కాదు.

ఈ వ్యాధి ఉన్నవారికి సరైన రోగనిర్ధారణ, సరైన మందు దొరికితే నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేకుండా జీవించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తక్కువ ఆదాయ దేశాల్లో నలుగురిలో ముగ్గురికి ఆ చికిత్స అందడం లేదని చెబుతున్నదీ అదే సంస్థ. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న అగాధంలోనే మన పల్లె రోగి పడి ఉన్నాడు.

మందు లేకనా?

ఫినోబార్బిటోన్ మూర్ఛను అదుపు చేస్తుందని ఆల్ఫ్రెడ్ హాప్ట్‌మన్ అనే వైద్యుడు వెల్లడించినది 1912లో. ఫెనిటోయిన్ వచ్చినది 1938లో. అంటే మొదటి మాత్రకు నూరేళ్లు దాటాయి, రెండవదానికి తొంభై చేరువవుతోంది. ఫినోబార్బిటోన్‌తో ఏడాది పొడవునా చికిత్స చేయడానికి 5 డాలర్ల వరకు తగ్గిన ఖర్చుతోనే సాధ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన డబ్బులో అది 500 రూపాయల లోపు. కల్యాణదుర్గం నుంచి గాని, మడకశిర నుంచి గాని రోగి ఒక తోడును వెంటబెట్టుకొని బెంగళూరుకు ఒక్కసారి వెళ్లి వస్తే, ఇద్దరి బస్సు ఛార్జీలూ పూట భోజనాలూ కలిపి ఆ మొత్తాన్ని దాటిపోతాయి. ఏడాది మందు కన్నా ఒక్క ప్రయాణం ఖరీదైన చోట, రోగి చికిత్స మానేశాడని ఎవరిని నిందించాలి?

"మూర్ఛకు నరాల నిపుణుడు కావాలి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కుదరదు" అనే వాదన నేను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి వింటున్నాను. ఈ వాదనకు సమాధానం మన పొరుగునే, కర్ణాటకలోనే దొరికింది. బెంగళూరుకు చెందిన నరాల వైద్యుడు డాక్టర్ కె.ఎస్. మణి, ఆయన సహచరులు చామరాజనగర్ జిల్లాలోని యెలందూరు ప్రాంతపు గ్రామాల్లో మూర్ఛ రోగులను వెదికి పట్టుకొని, ఫినోబార్బిటోన్, ఫెనిటోయిన్ అనే ఈ రెండు పాత మందులతోనే చికిత్స చేసి ఏళ్ల తరబడి వారిని అనుసరించారు. ఆ ఫలితాలు 2001లో లాన్సెట్ పత్రికలో అచ్చయ్యాయి. దక్షిణ భారత పల్లెలో, చవక మందులతో, మూర్ఛను అదుపు చేయవచ్చని ఆ అధ్యయనం చూపింది. క్రమం తప్పక మందు వేసుకున్నవారికీ, ఎన్నో మూర్ఛలు వచ్చి వ్యాధి ముదరకముందే చికిత్స మొదలైనవారికీ మేలు ఎక్కువగా జరిగిందని కూడా చెప్పింది. అంటే ఆలస్యానికి మూల్యం ఉంది. ఆ మూల్యం చెల్లిస్తున్నది ఆలస్యం చేసినవారు మాత్రం కాదు.

ఇంకొక అభ్యంతరం ఉంది: "ఫినోబార్బిటోన్ ఇస్తే పిల్లలు మందకొడిగా అవుతారు, తల్లిదండ్రులు ఒప్పుకోరు." ఈ సందేహం నిజాయితీ గలదే. దీన్ని పరీక్షకు పెట్టినవాడు డాక్టర్ దేబ్ పాల్. నేడు లండన్ కింగ్స్ కాలేజీలో మూర్ఛ వ్యాధి, పిల్లల మెదడు ఎదుగుదల లోపాలపై పరిశోధిస్తున్న ఆచార్యుడాయన. పశ్చిమ బెంగాల్ గ్రామాల్లో మూర్ఛ ఉన్న పిల్లలను చీటీ వేసినట్టు రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి ఫినోబార్బిటోన్, రెండవ వర్గానికి ఫెనిటోయిన్ ఇచ్చి, ప్రవర్తనలో మార్పులను పోల్చి చూశారు. ఫినోబార్బిటోన్ తీసుకున్న పిల్లల ప్రవర్తన రెండవ వర్గం కన్నా అధ్వానంగా లేదని 1998లో లాన్సెట్‌లోనే ప్రకటించారు. ఈ మాత్ర ఒక్కటే సర్వరోగ నివారిణి అని నేను అనడం లేదు. కొందరిలో మగత, చిరాకు వస్తాయి. అలాంటివారికి మందు మార్చాలి. లెవెటిరాసిటామ్ వంటి కొత్త మందులు కూడా ఇప్పుడు జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. నా వాదన ఒక్కటే. మంచి మందు దొరికేదాకా ఏ మందూ ఇవ్వకుండా కూర్చోవడం వైద్యం అనిపించుకోదు.

ఫిట్ ఆగితే చాలా?

ఇక్కడ పిల్లల గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మూర్ఛ అంటే పడిపోవడం, నురగ రావడం, లేచి కూర్చోవడం, అంతటితో అయిపోయిందనుకుంటాం. ఎదిగే మెదడు విషయంలో అది నిజం కాదు. ఏ దెబ్బ వల్ల మూర్ఛ వచ్చిందో, అదే దెబ్బ మాటనూ నడకనూ చదువునూ కూడా తగలవచ్చు. అందుకే మూర్ఛ ఉన్న పిల్లల్లో బుద్ధి వికాసం కుంటుపడటం, ఆటిజం, ఏకాగ్రత లోపం, చదవడంలో ఇబ్బంది వంటివి ఇతర పిల్లల్లో కన్నా ఎక్కువగా కనిపిస్తాయి.

మన దేశంలో 2 నుంచి 9 ఏళ్ల పిల్లల మెదడు ఎదుగుదల లోపాల మీద అయిదు ప్రాంతాల్లో ఒక పెద్ద సర్వే జరిగింది. ఆ అయిదింటిలో మన హైదరాబాదు ఒకటి. 3,964 మంది పిల్లలను పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు. మూర్ఛతో సహా తొమ్మిది రకాల లోపాలను వెదికితే, సుమారు నూటికి 12 మందిలో ఏదో ఒకటి కనిపించింది. అలాంటి పిల్లల్లో దాదాపు అయిదో వంతుకు ఒకటికి మించి ఉన్నాయి. ఈ లోపాలతో ముడిపడి కనిపించిన కారణాల పట్టిక చూడండి: ఇంటి దగ్గర కాన్పు, పుట్టగానే బిడ్డ ఏడవకపోవడం, నెలలు నిండక ముందే లేదా తక్కువ బరువుతో పుట్టడం, పుట్టిన తొలి రోజుల్లో జబ్బు చేయడం, మెదడుకు ఇన్‌ఫెక్షన్ సోకడం, వయసుకు తగ్గ ఎత్తు పెరగకపోవడం. ఇందులో దయ్యం లేదు, గ్రహం లేదు. కాన్పు గది ఉంది, గర్భిణి పళ్లెంలోని అన్నం ఉంది. వేరుశనగ పంట ఎండిన ఏడాది మన ప్రాంతపు గర్భిణి ఏం తింటుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

పిల్లల మూర్ఛల్లో కొన్ని కాలంతో పందెం వేస్తాయి. శిశువుకు 3 నెలల నుంచి ఏడాది లోపు వచ్చే ఒక రకం మూర్ఛలో బిడ్డ నిద్ర లేవగానే తల ముందుకు వాల్చి, చేతులు ఒక్కసారిగా చాచి, ముడుచుకుంటాడు. అది వరుసగా పది ఇరవై సార్లు జరుగుతుంది. కడుపునొప్పి అనుకుంటారు, ఉలికిపాటు అనుకుంటారు, బాలగ్రహమనీ పక్షిదోషమనీ అనుకుంటారు. దీన్ని 1841లో ఇంగ్లండు వైద్యుడు విలియం జేమ్స్ వెస్ట్ తన సొంత కొడుకులోనే గమనించి లాన్సెట్‌కు లేఖ రాశాడు. నాడు ఆ తండ్రి చేతిలో మందు లేదు. నేడు ఉంది. ప్రెడ్నిసొలోన్ వంటి చవక మందుతోనే చాలామందిలో ఈ కుదుపులు ఆగుతాయి. కాని వారాలు గడిచే కొద్దీ బిడ్డ నవ్వడం మానేస్తుంది, తల్లి ముఖం చూడటం మానేస్తుంది, నేర్చుకున్నవి మరచిపోతుంది. ఆలస్యమైన చికిత్స కుదుపులను ఆపినా, పోయిన ఎదుగుదలను తిరిగి ఇవ్వలేకపోవచ్చు. ఇలాంటి బిడ్డను చూసి "పెద్దయితే అదే పోతుంది" అని పంపించిన తెల్లకోటును ఏ మూఢనమ్మకం పద్దులో రాయాలో పాఠకులే చెప్పాలి.

బడి వయసు పిల్లల్లో మరో రకం ఉంది. నిద్రలో గాని, తెల్లవారుజామున గాని ముఖం ఒక పక్క అదురుతుంది, చొంగ కారుతుంది, కాసేపు మాట రాదు. యౌవనానికి వచ్చేసరికి సాధారణంగా ఇది తగ్గిపోతుంది. కాబట్టి నిరపాయకరమని మేము పుస్తకాల్లో చదువుకున్నాం. ఈ పిల్లల కుటుంబాలను పరిశీలించిన దేబ్ పాల్ బృందం మాటల ఉచ్చారణలో లోపాలు, చదవడంలో ఇబ్బంది ఈ పిల్లల్లోనూ వారి తోబుట్టువుల్లోనూ ఎక్కువగా ఉన్నాయని చూపింది. అంటే మూర్ఛ తగ్గినా అక్షరం దగ్గర తడబాటు మిగలవచ్చు. మన బడుల్లో ఆ తడబాటుకు పెట్టే పేరు ఏమిటి? "మొద్దు." కొన్ని క్షణాలపాటు రెప్ప వాల్చకుండా శూన్యంలోకి చూసే మూర్ఛ కూడా ఉంది. దానికి బడిలో దొరికే చికిత్స బెత్తం దెబ్బ. అయ్యవార్లకు ఇది ఎవరు చెప్పారు గనుక తెలుస్తుంది?

ఒక రాత్రి ప్రయాణ దూరంలో ఉన్న జ్ఞానం

మన చుట్టూ ఉన్న సంస్థల్లోనే మూర్ఛ గురించి ప్రపంచానికి పనికివచ్చే జ్ఞానం పుట్టింది. మనకు మాత్రం అది చేరలేదు. మూడు ఉదాహరణలు ఇస్తాను.

మొదటిది బెంగళూరు. తలమీద బాగా వేడి నీళ్లు చెంబులతో పోసుకున్నప్పుడు మాత్రమే వచ్చే మూర్ఛ ఒకటి ఉంది. ప్రపంచంలో అరుదు. దక్షిణ కర్ణాటకలో, దాని పరిసరాల్లో మాత్రం ఎక్కువ. డాక్టర్ మణి బృందం దీన్ని 1968లోనే వివరించింది. తరువాత నిమ్‌హాన్స్‌కు చెందిన డాక్టర్ పి. సతీశ్చంద్ర 1988లో 279 మంది రోగుల వివరాలతో దీన్ని ప్రపంచం దృష్టికి తెచ్చారు. పండుగనాడు తలంటి స్నానం చేయిస్తుంటే బిడ్డ పడిపోతే, అమ్మవారి ఆగ్రహమని కుటుంబం కలవరపడుతుంది. చాలామందికి వైద్యం ఏమిటంటే నీళ్లను గోరువెచ్చగా మార్చడం, తలమీద ధారగా పోయకపోవడం. అది చాలని వారికి స్నానానికి ముందు వేసుకునే మాత్ర ఉంది. పైసా ఖర్చులేని ఈ సలహా సరిహద్దు దాటి మన హిందూపురం, మడకశిర ఇళ్లకు చేరడానికి ఎన్ని దశాబ్దాలు కావాలి?

రెండవది వెల్లూరు. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ వేదాంతం రాజశేఖర్, ఆయన సహచరులు పంది బద్దెపురుగు గుడ్లు కడుపులోకి చేరి, పిల్లపురుగులు మెదడులో స్థిరపడటం వల్ల వచ్చే మూర్ఛను లోతుగా పరిశోధించారు. వెల్లూరు జిల్లాలో వారు పరిశీలించిన మూర్ఛ రోగుల్లో సుమారు మూడో వంతుకు ఇదే కారణమని తేలింది. పంది మాంసం తిననివారికీ, శాకాహారులకూ ఇది వస్తుంది. ఎందుకంటే ఆ గుడ్లు మనిషి మలం ద్వారా చేతికి, చేతి నుంచి అన్నానికి చేరతాయి. మలవిసర్జన తరువాత, అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోమని గోడల మీద రాస్తున్నాం, మంచిదే. ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టి ఎదురుచూసే వీధిలో ఆ రాత ఎలా కనిపిస్తుందో ఒక్కసారి ఊహించండి. నీళ్లు ఇవ్వకుండా శుభ్రత బోధించడం కూడా ఒక రకం ఎగతాళి.

మూడవది తిరువనంతపురం. శ్రీ చిత్రా తిరునాళ్ సంస్థలో డాక్టర్ సంజీవ్ థామస్ 1998లో మూర్ఛ ఉన్న గర్భిణుల కోసం ఒక రిజిస్ట్రీ ప్రారంభించారు. తల్లి వాడిన మందు ఏమిటి, బిడ్డ ఎలా పుట్టింది, తరువాత ఎలా ఎదిగింది అని ఏళ్ల తరబడి నమోదు చేశారు. ఈ విషయం మా వృత్తినే నిలదీస్తుంది గనుక కొంచెం వివరంగా చెబుతాను.

సోడియం వాల్‌ప్రోయేట్ మూర్ఛకు శక్తిమంతమైన మందు. ఎన్నో రకాల మూర్ఛలకు పనిచేస్తుంది గనుక వైద్యుడి చేయి ముందుగా దానివైపే వెళుతుంది. కాని గర్భిణి దీన్ని వాడితే పుట్టే పిల్లల్లో నూటికి సుమారు 10 మందికి పెద్ద అవయవ లోపాలు, 30 నుంచి 40 మందికి మాట, నడక, తెలివితేటల ఎదుగుదలలో ఇబ్బందులు వచ్చే ముప్పు ఉందని ఐరోపా మందుల నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించి కఠిన నిబంధనలు పెట్టింది. పిల్లలు పుట్టే వయసులోని స్త్రీలకూ బాలికలకూ దీన్ని మొదలుపెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. మన పల్లెల్లో పదిహేడేళ్ల పిల్లకు ఈ మందు రాసిచ్చే ముందు ఈ మాట ఎందరు తల్లులకు చెప్పారు? నేను చూసిన చీటీల్లో మందు పేరు ఉంటుంది, మోతాదు ఉంటుంది, హెచ్చరిక ఉండదు. మూర్ఛకు వైద్యం చేస్తూ తరువాతి తరానికి బుద్ధిమాంద్యాన్ని అంటగట్టే పని ఏ భూతవైద్యుడూ చేయలేదు.

ఇది చదివిన చెల్లెళ్లకూ తల్లులకూ ఒక మనవి. ఈ మందు వాడుతున్నట్టయితే భయపడి రేపే ఆపేయవద్దు. హఠాత్తుగా ఆపితే ఆగని మూర్ఛ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. పెళ్లికీ గర్భానికీ ముందే వైద్యుణ్ణి కలిసి, మార్చవచ్చునా అని అడగండి. లామోట్రిజిన్, లెవెటిరాసిటామ్ వంటి మెరుగైన మార్గాలు చాలామందికి ఉన్నాయి. అడగడం మీ హక్కు, చెప్పడం మా విధి.

కరువు మింగే మాత్ర

మూర్ఛ చికిత్సకు ప్రాణం క్రమం. రోజూ, వేళకు, కనీసం రెండు మూడేళ్లు. ఈ క్రమాన్ని కరువు ఎలా తెంచుతుందో రాజధానిలో కూర్చొని మందుల ఇండెంట్లు తయారుచేసేవారికి తెలియదు. వాన మొహం చాటేసిన ఏడాది కదిరి, రాయదుర్గం, కల్యాణదుర్గం ప్రాంతాల కుటుంబాలు బెంగళూరుకో కేరళకో కూలికి వెళతాయి. మందు ఇచ్చే కేంద్రం ఇక్కడ, రోగి అక్కడ. నెల మందు అయిపోతుంది. కట్టడం పనిలో ఎత్తు మీద ఉన్నప్పుడో, పొయ్యి దగ్గర ఉన్నప్పుడో మూర్ఛ వస్తుంది. వలస వెళ్లని రోగి పరిస్థితీ గొప్పగా లేదు. ఒక పూట కూలి పోగొట్టుకొని ఆస్పత్రికి వస్తే "స్టాకు లేదు, వచ్చే వారం రా" అనే మాట వినిపిస్తుంది. ఫినోబార్బిటోన్ మత్తు మందుల చట్టం కింద నియంత్రణలో ఉన్నది గనుక చిన్న మందుల షాపువాడు దాన్ని నిల్వ పెట్టడానికి వెనకాడతాడు. రెండుసార్లు ఖాళీ చేతులతో తిరిగి వెళ్లినవాడు మూడోసారి ఎవరి దగ్గరికి వెళతాడు? ఊళ్లోనే ఉండి, ఎప్పుడు పిలిచినా పలికి, కూర్చోబెట్టి మాట్లాడి, తాయెత్తు కట్టే మనిషి దగ్గరికి. మంత్రగాడి గొప్పతనం మంత్రంలో లేదు. అతని దగ్గర "స్టాకు లేదు" అనే మాట ఉండదు, అంతే.

సిగ్గు కూడా మందును మాన్పిస్తుంది. మూర్ఛ ఉందని దాచి పెళ్లి చేస్తారు. అత్తింట్లో మాత్ర కనబడకూడదని పిల్ల మందు మానేస్తుంది, పెళ్లయిన నెలలోపే పడిపోతుంది. ఒకప్పుడు హిందూ వివాహ చట్టంలోనే, పదేపదే వచ్చే మూర్ఛను పెళ్లికి అడ్డంకిగా రాసి ఉంచారు. భారతీయ మూర్ఛ సంఘం వంటివారు పోరాడిన మీదట 1999 సవరణతో ఆ పదాన్ని తొలగించారు. చట్టం మారి పాతికేళ్లు దాటింది. సంబంధాలు కుదిర్చే పెద్దమనుషులకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

చేయవలసినది

ప్రభుత్వాన్ని నేను కొత్త భవనం అడగడం లేదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కనీసం మూడు నాలుగు మూర్ఛ మందులు ఏడాది పొడవునా ఉండాలి. నిలకడగా ఉన్న రోగికి ఒకేసారి మూడు నెలల మందు ఇవ్వాలి. రోగి దగ్గర ఒక చిన్న పుస్తకం ఉండాలి, దాన్ని చూపితే ఏ కేంద్రంలోనైనా మందు దొరకాలి. పుట్టుక నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. మూర్ఛ, ఎదుగుదల లోపాలు రెండూ దాని జాబితాలో ఉన్నాయి. పరీక్షించి కాగితం నింపడంతో ఆగకుండా, ఆ బిడ్డకు మందు, మాట నేర్పే శిక్షణ అందాయో లేదో అడిగేవారు ఉండాలి. 2021 నాటి మూర్ఛ సేవలను 2031 నాటికి సగం మేర పెంచాలని ప్రపంచ దేశాలు 2022లో తీర్మానించాయి. ఆ గడువు మన పల్లెకూ వర్తిస్తుంది.

నిపుణులు పల్లెకు రారనే మాటకూ జవాబు మన రాష్ట్రంలోనే ఉంది. నెల్లూరులో నరాల వైద్యురాలు డాక్టర్ బిందు మీనన్ తన ఫౌండేషన్ ద్వారా వాహనంలో ఊళ్లకు వెళ్లి, మూర్ఛ, పక్షవాతం రోగులను ఉచితంగా చూస్తున్నారు. ఒక వ్యక్తి తన పూనికతో చేయగలిగినదాన్ని, వందలాది వాహనాలూ వేలాది సిబ్బందీ ఉన్న ప్రభుత్వం చేయలేదని నమ్మమంటే ఎలా నమ్మేది?

వైద్య మిత్రులకు ఒక మాట. రోగికి వ్యాధి పేరు చెప్పండి, ఎన్నాళ్లు వాడాలో చెప్పండి, ఆపితే ఏమవుతుందో చెప్పండి. ఆడపిల్లకు వాల్‌ప్రోయేట్ రాసే ముందు కలం ఆపండి. మాటలు రాని బిడ్డను "చూద్దాంలే" అని పంపవద్దు.

ఇక పాఠకులారా, మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఎవరైనా మూర్ఛ వచ్చి పడిపోతే చుట్టూ ఉన్న రాళ్లు, పొయ్యి, పనిముట్లు పక్కకు తీయండి. తల కింద మెత్తని గుడ్డ పెట్టండి. కుదుపులు తగ్గగానే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, వేలు, నీళ్లు, ఏదీ పెట్టవద్దు. గట్టిగా అదిమి పట్టవద్దు. గడియారం చూడండి. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ మూర్ఛ వచ్చినా 108కి ఫోన్ చేయండి. చేతిలో తాళంచెవులు పెట్టినవారిని కసరవద్దు, పక్కన కూర్చొని పై పని చేసి చూపించండి.

మీ ఊరి ఆరోగ్య కేంద్రానికి ఈ వారంలోనే ఒకసారి వెళ్లి, "మూర్ఛ మందులు ఏవేవి ఉన్నాయి, ఎన్ని నెలలకు సరిపడా ఉన్నాయి?" అని అడగండి. లేవంటే ఆ మాట కాగితం మీద రాసి జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి, కలెక్టరు గ్రీవెన్స్‌కు ఇవ్వండి. రసీదు తీసుకోండి. రోగి ఒక్కడే అడిగితే "వచ్చే వారం రా" అంటారు. ఊరంతా అడిగితే ఇండెంటు కదులుతుంది. ప్రభుత్వోద్యోగంలో ఇన్నేళ్లు పనిచేసి నేను నేర్చుకున్న పాఠాల్లో ఇది ఒకటి. ఈ ఒక్కదానికి మాత్రం వైద్య పట్టా అక్కర్లేదు.